గ్రీకు పాత్రల మీద కట్టడాల బొమ్మలు: ఒక్క స్తంభం కనబడితే గుడి అనుకోవచ్చా?

ప్రాచీన గ్రీకు పాత్రల మీద కట్టడాలను ఎలా చిత్రించారు, బొమ్మలో ఒక స్తంభం కనబడితే అది గుడేనని చెప్పెయ్యవచ్చా, ఆ బొమ్మలను పట్టుకుని కూలిపోయిన కట్టడాల రూపం మళ్ళీ గీయవచ్చా అని మీరు అడిగారు. మొదటిది సరిగ్గా అర్థమైతే మిగతా రెండింటికీ సగం జవాబు దొరికినట్టే.

ఆ చిత్రకారులకు కట్టడం బొమ్మ కథ కోసమే కావాలి. ఎవరు లోపల ఉన్నారు, ఎవరు బయట ఉన్నారు, ఎవరు గడప దాటుతున్నారు అన్నది చెప్పడానికి ఎంత అవసరమో అంతే గీశారు. అందుకే గోడ దాదాపు ఎప్పుడూ ఉండదు, తలుపు మాత్రం ఉంటుంది. పైకప్పు తరచుగా ఉండదు, స్తంభం ఉంటుంది. దీన్ని చేతకానితనం అనుకుంటే తప్పు. వేలెడంత ఎత్తున్న పట్టీలో పదిమంది మనుషులను, రథాన్ని, గుర్రాలను పట్టించాల్సిన వాళ్ళకు గోడ అంటే వృథా అయ్యే జాగా.

ముందు పని ఎలా జరిగేదో చూడాలి, ఎందుకంటే బొమ్మలో మనకు వింతగా తోచే చాలా సంగతులకు కారణం అక్కడే ఉంది. ఏథెన్స్‌లో క్రీ.పూ. 6వ శతాబ్దంలో నడిచిన పద్ధతి నల్లబొమ్మల పద్ధతి. పాత్ర పూర్తిగా ఆరకముందే, తోలులా గట్టిపడ్డప్పుడు, మొద్దు మొనతో లేత గీతలతో బొమ్మ నమూనా గీసుకునేవారు. ఆ గాడి గీతలు ఇప్పటికీ పక్కవాటు వెలుతురులో కనబడతాయి. తర్వాత ఇనుము పాలు ఎక్కువున్న మెత్తటి మట్టిని తేర్చి చేసిన పూతతో ఆకారాలు నింపి, వాటిలో వివరాలను పదునైన మొనతో గీకేవారు. ఆ పైన తెలుపు, ఊదా కలిసిన ఎరుపు రంగులు అద్దేవారు. ఆవంలో మూడు దశల్లో కాల్చడం: మొదట గాలి తగిలేలా, తర్వాత గాలి మూసేసి పొగలో, చివర్లో మళ్ళీ గాలి వదిలి. రెండో దశలో అంతా నల్లబడుతుంది. పూత వేసిన చోట మట్టి గాజులా బిగుసుకుపోతుంది కాబట్టి మూడో దశలో గాలి దానిలోకి చొరబడలేదు, నలుపు నిలిచిపోతుంది. పూత లేని చోట మట్టి తిరిగి ఎరుపెక్కుతుంది.

కట్టడాల విషయంలో ఇందులో కీలకం తెలుపు. నల్లబొమ్మల పాత్రల మీద స్తంభాలను చాలాసార్లు తెల్లగా వేశారు. ఆ తెలుపు ఇనుము తక్కువున్న మట్టి, ఎక్కువగా నల్లపూత మీదే అద్దినది. ఆ వేడికి అది గాజులా బిగుసుకోదు, కింది నలుపును గట్టిగా పట్టుకోదు. రెండున్నర వేల ఏళ్ళలో చాలాచోట్ల రాలిపోయింది. అందువల్ల ఇప్పుడు ఫొటోలో నల్ల స్తంభం కనిపిస్తే అది మొదట్లో తెల్లది అయి ఉండవచ్చు. నల్లటి మెరుపు మధ్య స్తంభం ఆకారంలో మసకబారిన పట్టీ ఉందేమో వెతకండి. తెలుపు రాలిన చోట మెరుపు కూడా కాస్త పోతుంది. కొన్నిచోట్ల స్తంభం పూర్తిగా కనుమరుగై, పైన దూలం గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. "చిత్రకారుడు స్తంభం మరచిపోయాడు" అనే తీర్మానానికి వచ్చేముందు ఇది చూసుకోవాలి.

కట్టడాన్ని ఇంత శ్రద్ధగా గీసినవాడు మరొకడు లేడనిపించే చిత్రకారుడు క్లైటియాస్. ఫ్లోరెన్స్ పురావస్తు మ్యూజియంలో ఉన్న ఫ్రాంస్వా పాత్ర అతని చేతి పనే. కుమ్మరి ఎర్గోటిమోస్, కాలం సుమారు క్రీ.పూ. 570, ఎత్తు 66 సెం.మీ. వీరుడు పెలేయస్, సముద్రదేవత థెటిస్‌ల పెళ్ళికి దేవతలంతా ఊరేగింపుగా వస్తున్నారు, ఊరేగింపు చేరే చోట పెలేయస్ ఇల్లు. ముందు రెండు స్తంభాలు, అటూ ఇటూ ముందుకు చొచ్చుకొచ్చిన గోడ కొసలు, మధ్యలో రెండు రెక్కల తలుపు. ఒక రెక్క తెరిచి ఉంది. ఆ సందులోంచి లోపల కూర్చుని ముసుగు పైకెత్తుతున్న థెటిస్ కనిపిస్తుంది. ఇంటి ముందు బలిపీఠం, దాని మీద పానపాత్ర, దాని పక్కన అతిథులను ఎదుర్కొంటున్న పెలేయస్. పెళ్ళికూతురు ఇంట్లో ఉంది, పెళ్ళికొడుకు వాకిట్లో ఉన్నాడు. ఈ ఒక్క మాట చెప్పడానికి క్లైటియాస్ ఇంటి ముందుభాగం మొత్తం కట్టాడు.

ఇదే పెళ్ళిని అంతకు కొద్ది ఏళ్ళ ముందు సోఫిలోస్ అనే చిత్రకారుడు గీశాడు, ఆ పాత్ర బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అక్కడ పెలేయస్ ఇంటి తలుపులు మూసి ఉన్నాయి, సోఫిలోస్ తన సంతకం ఆ ఇంటి స్తంభాల మధ్యే రాసుకున్నాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇల్లు దాదాపు అదే, పెళ్ళి అదే. ఒక తలుపు రెక్క తెరవడంతో క్లైటియాస్ బొమ్మకు లోతు వచ్చింది. పర్‌స్పెక్టివ్ లెక్క, అంటే దూరాన్ని గీతలతో చూపే గణితం, ఏదీ లేకుండానే ఇంటికి లోపలి భాగం ఉందని చూసేవాడికి తెలిసిపోయింది. గ్రీకు చిత్రకళలో కట్టడానికి సంబంధించి ఇంతకంటే తెలివైన ఎత్తు అరుదు. తర్వాతి రెండు వందల ఏళ్ళు సగం తెరిచిన తలుపు పదే పదే రావడానికి కారణం ఇదే.

ఫ్రాంస్వా పాత్రలోనే కిందుగా ట్రాయ్ నగరం ఉంది. ఒక కొసన నీళ్ళు పట్టే మండపం, దాని మీద గ్రీకులో ఆ పేరే రాసి ఉంది. మరో కొసన నగర ప్రాకారం, తెరిచిన ద్వారం, అందులోంచి బయటికొస్తున్న ట్రాయ్ రాజకుమారులు హెక్టర్, పొలితేస్. ప్రాకారం పైన పళ్ళవరుసలాంటి అడ్డుగోడల మధ్య రాళ్ళు పోగేసి ఉంటాయి, శత్రువు మీదికి విసరడానికి. ఆ రాళ్ళ పోగు చూడకుండా దాటిపోకండి. కొలతల్లో ఏమాత్రం నిజం లేని బొమ్మలో కోట గోడ వాడుక మాత్రం ఇంత కచ్చితంగా ఉంది.

ఇక ఒంటి స్తంభం సంగతి. స్తంభం ఒక్కటే ఉంటే దాని అర్థం "ఇక్కడ కట్టడం ఉంది" అన్నంత వరకే. అది ఏ కట్టడమో పక్కనున్న వస్తువు చెబుతుంది. స్తంభం పక్కన నెత్తుటి చారలున్న బలిపీఠం ఉంటే గుడి ఆవరణ. మంచం, భోజనపు బల్ల ఉంటే ఇంట్లో మగవాళ్ళ విందు గది. స్పాంజి, నూనె బుడ్డి, ఒళ్ళు గీకే వంకీ వేలాడుతుంటే వ్యాయామశాల. పొడవాటి కాలు మీద నిలబెట్టిన నీళ్ళ తొట్టి ఉంటే స్నానం చేసే చోటు. కుర్చీ, ఊలు బుట్ట, తలుపు కలిసి వస్తే ఆడవాళ్ళుండే భాగం. ఇవేవీ లేకపోతే ఊరుకోవడమే మేలు, "గుడి" అని రాసెయ్యకూడదు.

కట్టడమే కాని స్తంభాలు కూడా ఉన్నాయి. ఏథెన్స్‌లో ఎథీనా ఉత్సవమైన పానథేనియా పోటీల్లో గెలిచినవాళ్ళకు నూనె నింపి ఇచ్చిన జాడీల మీద ఎథీనా దేవికి అటూ ఇటూ రెండు స్తంభాలు, వాటి మీద రెండు కోడిపుంజులు ఉంటాయి. వాటి మీద దూలం లేదు, కప్పు లేదు. పైగా తొలినాటి జాడీల్లో అసలు లేవు: సుమారు క్రీ.పూ. 560 నాటి బర్గన్ జాడీ మీద ఎథీనా స్తంభాలు లేకుండానే నిలబడి ఉంది. ఆ తర్వాత స్తంభాలు వచ్చి స్థిరపడిపోయాయి. క్రీ.పూ. 4వ శతాబ్దంలో కోడిపుంజుల చోట విజయదేవత వంటి చిన్న మూర్తులను పెట్టారు. ఈ స్తంభాలను పట్టుకుని ఏథెన్స్ కొండకోట ఆక్రోపోలిస్ మీది ఏదో గుడి ముఖద్వారం అని వాదించడం కుదరదు. స్తంభం దూలాన్ని మోస్తోందా లేదా అన్నది చూస్తే చాలు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉన్నవి నీళ్ళ మండపాల బొమ్మలు. సుమారు క్రీ.పూ. 520 నుంచి 500 వరకు ఏథెన్స్‌లో నల్లబొమ్మల హైడ్రియాల మీద, అంటే నీళ్ళు మోసే మూడు చేతుల బిందెల మీద, ఇవి వెల్లువలా వచ్చాయి. నీళ్ళ బిందె మీద నీళ్ళు పట్టే బొమ్మ. స్తంభాలు, పైన నిలువు గీతల పట్టీ, గోడలో సింహం తలల తూములు, కింద బిందె పెట్టే దిమ్మె, ఆడవాళ్ళు. ఇక్కడ దగ్గరగా చూడాల్సింది బిందెలను. మండపానికి వెళుతున్న ఆడవాళ్ళ నెత్తి మీద బిందె అడ్డంగా పడుకుని ఉంటుంది, అది ఖాళీది. తిరిగి వస్తున్నవాళ్ళ నెత్తి మీద నిలువుగా ఉంటుంది, అది నిండుది. బిందె కింద చుట్టకుదురు కూడా గీశారు. చూసేవాడు ఏ మనిషి ఎటు వెళుతోందో పాదాల దిశ చూడకుండానే చెప్పగలడు.

ఈ మండపం బొమ్మల్లో ఒక కిటుకు ఉంది. వెనక గోడలో ఉన్న తూము సింహం తల మనవైపు చూస్తుంది, పక్క గోడల్లో ఉన్న తూముల తలలు పక్కనుంచి కనిపిస్తాయి. అంటే ముందునుంచి చూసిన ముఖభాగాన్ని, నిలువుగా కోసి చూసిన లోపలి భాగాన్ని ఒకే బొమ్మలో కలిపారు. ఈ రోజు ఇంజినీర్ రెండు కాగితాల మీద గీసేదాన్ని వాళ్ళు ఒకదాని మీద గీశారు. ఇది తెలియకపోతే పక్క గోడ ఎక్కడుందో, స్తంభం గోడకు ముందుందో పక్కనుందో అర్థం కాక తికమక పడతాం.

బ్రిటిష్ మ్యూజియంలోని ఒక హైడ్రియా మీద మండపం పక్కన కల్లిరోయే అన్న పేరు రాసి ఉంది. కల్లిరోయే ఊటను నియంతలు కట్టించి తీర్చిదిద్దాక దానికి ఎన్నెయాక్రౌనోస్, అంటే తొమ్మిది తూములది, అనే పేరు వచ్చిందని గ్రీకు చరిత్రకారుడు థుసిడిడెస్ తన చరిత్ర రెండో భాగంలో రాశాడు. ఏథెన్స్ నియంతలు నీటి సరఫరా మీద పెట్టిన శ్రద్ధకూ ఈ బొమ్మల వెల్లువకూ సంబంధం ఉందనడం సబబే. అయితే ఆ బొమ్మ ఆ మండపానికి ఫొటో కాదు. ఒక్కో పాత్ర మీద తూముల లెక్క ఒక్కో రకంగా ఉంటుంది, పాత్ర మీద ఎంత జాగా ఉంటే అన్ని స్తంభాలు, అన్ని తూములు. పేరు రాసి ఉన్నంత మాత్రాన కొలతలు నమ్మకూడదు.

కొలతల గురించి ఒక లెక్క చెబుతాను. ఏథెన్స్‌లోని ఎథీనా గుడి పార్థెనాన్ బయటి స్తంభం ఎత్తు 10.43 మీటర్లు, అడుగున వ్యాసం 1.9 మీటర్లు. అంటే ఎత్తు వ్యాసానికి అయిదున్నర రెట్లు. 6వ శతాబ్దపు డోరిక్ (సాదా తలకట్టుండే శైలి) స్తంభాలు ఇంకా లావు: కోరింత్‌లోని అపోలో గుడి స్తంభాలు నాలుగు రెట్లకు కాస్త పైన. పాత్రల మీద డోరిక్ స్తంభం కొలిస్తే ఎనిమిది, పది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రెట్లు వస్తుంది. కారణం సులువే. పట్టీ ఎత్తంతా మనుషులే ఆక్రమిస్తారు, స్తంభం వాళ్ళ తలలను దాటి కాస్త పైకి పోవాలి. అసలు పాళ్ళలో గీస్తే మనిషికంటే లావుపాటి దిమ్మె మధ్యలో నిలబడి బొమ్మను మింగేస్తుంది. సన్నగా గీయడం తప్ప దారి లేదు. కొందరు వీటిని చెక్క స్తంభాలు అంటారు. ఇళ్ళ విషయంలో అది సాధ్యమే, కానీ సన్నదనం ఒక్కటే దానికి రుజువు కాదు. శైలుల కలగాపులగం కూడా ఇలాంటిదే. అయోనిక్ శైలి, అంటే తలకట్టుకు చుట్టలుండే, స్తంభం మీద డోరిక్ నిలువు గీతల పట్టీ పెట్టడం పాత్రల మీద మామూలు. దాన్ని చూసి అలాంటి కట్టడం ఉండేదని ఊహించకండి. నిలువు గీతల పట్టీ వాళ్ళకు "పైకప్పు మొదలైంది" అని చెప్పే గుర్తు.

క్రీ.పూ. 530 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఎర్రబొమ్మల పద్ధతి వచ్చాక ఆ పద్ధతి పాత్రల మీద కట్టడాలు ఇంకా పలచబడ్డాయి. ఇప్పుడు బొమ్మలు మట్టి రంగులో మిగులుతాయి, చుట్టూ నేపథ్యాన్ని నలుపుతో నింపాలి. గోడ గీస్తే అది పెద్ద ఎర్ర మచ్చ అయి కూర్చుంటుంది, మనుషులు దానిలో కలిసిపోతారు. నల్లటి శూన్యం మీద మనుషులు మెరవాలంటే కట్టడాన్ని తగ్గించాల్సిందే. క్లియోఫ్రేడెస్ చిత్రకారుడు సుమారు క్రీ.పూ. 480లో గీసిన ట్రాయ్ పతనం నేపుల్స్‌లో ఉన్న హైడ్రియా మీద ఉంది. నగరం తగలబడే కథలో ఒక్క గోడ లేదు, ఒక్క ద్వారం లేదు. బలిపీఠం, దాని మీద మనవడి శవాన్ని ఒడిలో పెట్టుకున్న ట్రాయ్ ముసలి రాజు ప్రియామ్, ఎథీనా విగ్రహం, వంగిపోయిన ఈత జాతి చెట్టు. క్లైటియాస్ ప్రాకారం కట్టి చెప్పినదానికంటే ఇందులో నగరం కూలిన సంగతి గట్టిగా తగులుతుంది. బెర్లిన్‌లోని కంచు పోత పనివాళ్ళ గిన్నె మీద కూడా పనిశాలకు గోడలు లేవు, కొలిమి, వేలాడే పనిముట్లు ఉన్నాయి. గాలిలో వేలాడుతున్న వస్తువు కనిపిస్తే అక్కడ గోడ, మేకు ఉన్నాయని చదువుకోవాలి.

ఆ తర్వాత పెద్ద మలుపు దక్షిణ ఇటలీలో. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అపూలియా ప్రాంతంలో, తారాస్ (ఇప్పటి తారంతో) నగరం చుట్టుపక్కల, మీటరు దాటే ఎత్తున్న పెద్ద క్రేటర్ల (వెడల్పు మూతి జాడీల) మీద నైస్కోస్ అనే చిన్న గుడి ఆకారపు సమాధి మండపం ప్రధాన విషయమైంది. దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టినవాళ్ళలో ఇలియుపెర్సిస్ చిత్రకారుడు ముఖ్యుడు. మధ్యలో దిమ్మె మీద రెండు అయోనిక్ స్తంభాలు, పైన ముక్కోణపు కప్పు, లోపల చనిపోయిన వ్యక్తి. మండపం, లోపలి మనిషి తెల్లగా ఉంటారు, చుట్టూ నైవేద్యాలు తెచ్చినవాళ్ళు మామూలు ఎరుపులో ఉంటారు. రాతి మండపం, రాతి విగ్రహం అన్నమాట, బయట ప్రాణమున్న మనుషులు. తెలుపు మీద పలచటి పసుపు, గోధుమ రంగులతో స్తంభం గుండ్రదనం చూపారు. తారాస్‌లో నిజంగానే మెత్తటి సున్నపురాయితో చెక్కిన ఇలాంటి మండపాల ముక్కలు దొరికాయి. అలాగని బొమ్మ మొత్తం తారాస్ శ్మశానానికి నకలు కాదు. ఈ పాత్రలు ఎక్కువగా బయటపడింది రువో, కనోసా వంటి స్థానిక ఇటాలిక్ ఊళ్ళ సమాధుల్లో.

ఈ మండపాల్లో పైకి చూడండి. లోకప్పు దూలాలు లోపలికి వెళుతున్నట్టు వాలుగా ఉంటాయి, కింది నుంచి తలెత్తి చూసినట్టు. దిమ్మె మాత్రం పైనుంచి చూసినట్టు ఉండవచ్చు. ప్రతి భాగం తన మటుకు తాను లోతుకు పోతుంది, గీతలన్నీ పొడిగిస్తే ఒకే బిందువు దగ్గర కలవవు. రినైసాన్స్ నాటి పర్‌స్పెక్టివ్ లెక్క ఇక్కడ వెతకడం వృథా.

ఇందులో అందరికంటే ముందుకు పోయినది వుర్జ్‌బుర్గ్‌లోని మార్టిన్ ఫాన్ వాగ్నర్ మ్యూజియంలో ఉన్న ముక్క. తారాస్‌లో దొరికింది, కాలం సుమారు క్రీ.పూ. 350, నల్లపూత మీద రంగులతో వేసే గ్నాథియా పద్ధతి. నాటకరంగపు కట్టడం, ముందుకు చొచ్చుకొచ్చిన రెక్క మండపం, సన్నటి స్తంభాలు, గళ్ళు గళ్ళుగా ఉన్న లోకప్పు, సగం తెరిచిన తలుపులో నుంచి చూస్తున్న స్త్రీ. లోతును చూపే వాలు గీతలు ఇక్కడ చాలావరకు ఒకదానితో ఒకటి పొసుగుతాయి. నాటకకర్త ఎస్కిలస్ నాటకానికి చిత్రకారుడు అగాథార్కోస్ రంగస్థలం చిత్రించి దాని మీద ఒక రచన చేశాడని, దాన్ని చూసి తత్వవేత్తలు డెమోక్రిటస్, అనక్సగోరస్ దృష్టి రేఖల గురించి రాశారని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తన ఏడో పుస్తకం ముందుమాటలో చెబుతాడు. ఆ తెరలేవీ మిగల్లేదు. అలాంటి రంగస్థల చిత్రణ ఎలా ఉండేదో ఊహించడానికి మనకున్న అతి దగ్గరి సాక్ష్యాల్లో ఈ మట్టిముక్క ఒకటి.

ఆమ్‌స్టర్‌డామ్ ఆలార్డ్ పియర్సన్ మ్యూజియంలో ఉన్న అపూలియా క్రేటర్ ముక్కలు కూడా తప్పక చూడండి. గుడిని మూలనుంచి చూపారు, తలుపులు తెరిచి ఉన్నాయి, లోపల అపోలో విగ్రహం. గుడి బయట అసలు అపోలో వీణ పట్టుకుని కూర్చున్నాడు. దేవుడూ ఆయన ప్రతిమా ఒకే బొమ్మలో, మధ్యలో కట్టడం.

మరి ఈ బొమ్మలతో కట్టడాలను పునర్నిర్మించవచ్చా? పాళ్ళు, స్తంభాల లెక్క, కప్పు వాలు, శైలి, వీటిలో ఏదీ తీసుకోకండి. మట్టిలో కలిసిపోయే చెక్క, లోహపు భాగాలకు మాత్రం ఇవి విలువైన సాక్ష్యం. తలుపు రెక్కల మీది అడ్డపట్టీలు, వాటి మీద వరుసగా కొట్టిన బుడిపె మేకులు, లాగే ఉంగరం, వీటిని ఎర్రబొమ్మల పాత్రలు మళ్ళీ మళ్ళీ ఒకే రకంగా చూపుతాయి. తవ్వకాల్లో గడపరాయి, దానిలో తలుపు తిరిగే గుంట దొరుకుతాయి, తలుపు దొరకదు. రెండింటినీ కలిపితే తలుపు నిలబడుతుంది. పై అంతస్తు కిటికీ కూడా అంతే: దక్షిణ ఇటలీలోని పెస్టుమ్‌లో చిత్రకారుడు ఆస్తెయాస్ వేసిన, ఇప్పుడు వాటికన్‌లో ఉన్న హాస్యనాటక దృశ్యంలో దేవతల రాజు జ్యూస్ నిచ్చెన మోసుకుని వస్తాడు, కిటికీలో స్త్రీ కూర్చుని ఉంటుంది. వేర్వేరు చిత్రకారులు, వేర్వేరు కథలు, అయినా ఒకే వివరం తిరిగి వస్తే దాన్ని నమ్మవచ్చు. ఒకే పాత్ర మీద ఒక్కసారి కనిపించినదాన్ని పక్కన పెట్టాలి.

చూసేటప్పుడు ఈ వరుస పాటించండి. ముందు పాత్ర ఆకారం, ఎత్తు తెలుసుకోండి. పదిహేడు సెంటీమీటర్ల లెకిథోస్ (నూనె బుడ్డి) మీద స్తంభం, మీటరు క్రేటర్ మీద స్తంభం ఒకే రకం సాక్ష్యాలు కావు. తర్వాత స్తంభం అడుగు దేని మీద నిలబడింది, పైకొస దేన్ని మోస్తోంది అని చూడండి. పట్టీ అంచుకు తగిలి ఆగిపోతే అది ఎక్కువగా చోటును సూచించే గుర్తు, బొమ్మకు చట్రం. ఆ తర్వాత పక్కన వేలాడే వస్తువులు, పీఠాలు, మనుషుల పాదాలు ఏ మెట్టు మీద ఉన్నాయి అన్నది. రాలిన తెలుపు జాడ. చివర్లో పాత్ర రెండో వైపు తప్పకుండా చూడాలి, ఎందుకంటే ఊరేగింపు ఒక వైపు, అది చేరే ఇల్లు చేతి పిడి దాటాక మరో వైపు ఉండటం మామూలే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అమాసిస్ చిత్రకారుడి పెళ్ళి లెకిథోస్ ఇలాంటిదే. బళ్ళ మీద పెళ్ళి బృందం పాత్ర చుట్టూ తిరిగి వెళుతుంది, తలుపు తెరిచిన ఇంట్లో దివిటీతో ఒక స్త్రీ ఎదురుచూస్తుంది. ఒక్క ఫొటోలో రెండూ పట్టవు.

ఫొటోల్లో మరో చిక్కు: పాత్ర పొట్ట ఉబ్బుగా ఉంటుంది కాబట్టి అంచుల్లో ఉన్న స్తంభాలు వంగినట్టు, సన్నబడినట్టు కనిపిస్తాయి. చుట్టూ చదును చేసి గీసిన నకళ్ళలో అవే స్తంభాలు ఎడంగా సాగిపోతాయి. కొలవాలంటే పాత్ర మీదే కొలవాలి. 19వ శతాబ్దపు అచ్చుబొమ్మలను ఆధారం చేసుకోవద్దు. రాలిపోయిన తెలుపును, విరిగిన చోట్లను ఆ రోజుల్లో చాలాసార్లు తోచినట్టు నింపేశారు. ఆక్స్‌ఫర్డ్‌లోని బీజ్లీ ఆర్కైవ్ గ్రీకు పాత్రల డేటాబేస్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫౌంటెన్ హౌస్, కాలమ్, డోర్ అన్న మాటలతో వెతికితే వందల పాత్రలు వస్తాయి. నీళ్ళ మండపాల హైడ్రియాలతో మొదలుపెట్టండి. ఒక ఇరవై వరుసగా చూస్తే ఏది ప్రతిసారీ మారుతోందో, ఏది మారకుండా నిలుస్తోందో మీ కంటికే తెలుస్తుంది.